ఉత్తుత్తి మతం పెట్టడం ఎలా?

ముందే చెప్పేస్తున్నా, ఇది బాబాగా మారి ఆశ్రమం కట్టుకోవడం ఎలాగో చెప్పే వ్యాసం కాదు. ఆ కోర్సు వేరు, దాని ఫీజులు వేరు. చిన్నప్పుడు బొమ్మలకు ఉత్తుత్తి పెళ్లి చేసేవాళ్లం కదా, అలా పెద్దయ్యాక పెట్టుకునే ఉత్తుత్తి మతాల సంగతి ఇది. సినిమా నుంచో, నవల నుంచో, ఫుట్‌బాల్ మైదానం నుంచో ఒక దేవుణ్ణి తెచ్చుకుంటారు. ఆయనకో గ్రంథం, ఓ పండుగ, కుదిరితే ఓ టోపీ తయారుచేస్తారు. ఎవరైనా అడిగితే మాత్రం ముఖంలో నవ్వు కనపడనివ్వకుండా, ‘అవునండీ, మాది ఆ మతమే’ అంటారు.

అమెరికాలో నూడుల్స్ దేవుడున్నాడు. అర్జెంటీనాలో ఫుట్‌బాల్ దేవుడున్నాడు. బ్రిటన్‌లో అయితే ఒక సినిమా మతం ఏకంగా జనాభా లెక్కల్లోకే ఎక్కింది. వీటన్నిటినీ చూసి ముచ్చటపడి నేను కూడా హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఒకటి పెట్టాను. పద్నాలుగు నెలలు నడిచింది. ఆ అనుభవంతో, చేసిన తప్పులతో సహా, పద్ధతి చెబుతాను.

మొదటి మెట్టు: ముందు కడుపుమంట, తర్వాతే దేవుడు

ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. ఒక తమాషా బొమ్మ గీసి, వాట్సాప్ గ్రూపు పెట్టి, దానికి ‘ఆధ్యాత్మిక కేంద్రం’ అని పేరు పెట్టి, మూడో రోజుకల్లా మరిచిపోతారు. ఎందుకంటే ఆ మతానికి కడుపుమంట లేదు. వెనకాల నిజమైన ఫిర్యాదు ఒకటి లేకపోతే జోకు ఎంత బాగున్నా వారానికి మించి బతకదు.

స్పగెటీ దేవుణ్ణే చూడండి. 2005లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విద్యా బోర్డు బడుల్లో సైన్స్ పాఠాల ప్రమాణాలను మార్చే పనిలో పడింది. జీవపరిణామ సిద్ధాంతం మీద అనుమానాలు లేవనెత్తాలి, ఈ సృష్టిని ఎవరో తెలివైనవాడు గీసి తయారుచేశాడనే వాదానికి కాస్త చోటివ్వాలి, ఇదీ ఉద్దేశం. బాబీ హెండర్సన్ అనే ఫిజిక్స్ చదివిన కుర్రాడికి ఒళ్లు మండింది. అప్పటికి వయసు 24. బోర్డుకు ఉత్తరం రాశాడు. అందులో ఒక్క తిట్టు లేదు. మహా వినయంగా ఉంటుంది. ‘ఆ సృష్టికర్త ఎవరో మీరు చెప్పడం లేదు కదా. మా నమ్మకం ప్రకారం ఆయన ఎగిరే స్పగెటీ రాక్షసుడు. కాబట్టి మా సిద్ధాంతానికి కూడా తరగతిలో సమానంగా సమయం ఇవ్వండి, లేకపోతే కోర్టుకు వెళ్లక తప్పదు’ అన్నది దాని సారాంశం. స్పగెటీ అంటే పొడుగాటి సేమ్యాలాంటి ఇటలీ తిండి. దేవుడి రూపం ఆ నూడుల్స్ ముద్ద, అందులో రెండు మాంసం ఉండలు, పైకి పొడుచుకొచ్చిన రెండు కళ్లు.

ఉత్తరంతో పాటు ఒక గ్రాఫ్ కూడా జతచేశాడు. గత రెండు వందల ఏళ్లలో సముద్రపు దొంగల సంఖ్య తగ్గుతూ వచ్చింది, భూమి వేడి పెరుగుతూ వచ్చింది, కాబట్టి దొంగలు తగ్గడం వల్లే భూమి వేడెక్కుతోందట! రెండు సంగతులు పక్కపక్కన జరిగితే ఒకటి రెండోదానికి కారణమైపోదని చెప్పడానికి ఆయనకు గ్రాఫ్ కావాల్సి వచ్చింది. మనకైతే ఒక్క మాట చాలు, కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు రాలింది.

బోర్డు ఆ ఏడాది నవంబరులో 6–4 ఓట్లతో ఆ ప్రమాణాలనే ఆమోదించింది. 2007 ఫిబ్రవరిలో మళ్లీ 6–4 తోనే వెనక్కి తీసుకుంది. ఉత్తరం దెబ్బకే మారిందని అనబోయేరు. మధ్యలో ఎన్నికలొచ్చి సభ్యులు మారారు. కాకీ తాటిపండూ మనకు కూడా వర్తిస్తాయి.

మా కడుపుమంట ఇంత గొప్పది కాదు. ప్రతి సోమవారం పదిన్నరకి మీటింగ్. మేనేజర్ స్క్రీన్ మీద ఒక పాత ప్రోగ్రాం చూపించి ‘దీని గురించి ఎవరికైనా ఐడియా ఉందా?’ అంటాడు. అక్కడ ఓ అమాయకుడు నోరు తెరిచి ‘ఉంది సార్, అది అప్పట్లో...’ అని మొదలుపెడతాడు. అంతే, మధ్యాహ్నానికల్లా ఆ పని అతని నెత్తి మీద ఉంటుంది. తెలిసి చెప్పకపోతే మనసులో దొలుస్తుంది, చెబితే పని తిరిగొచ్చి మీద పడుతుంది. ఇది ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. చందమామ! తెలిసి కూడా జవాబు చెప్పకపోతే తల వెయ్యి ముక్కలవుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. విక్రమార్కుడు మా టీమ్‌లో పనిచేసి ఉంటాడని ఆ రోజు నాకు గట్టి నమ్మకం కుదిరింది. అలా పుట్టింది భేతాళ మతం.

మీరు కూడా ఒక కాగితం తీసుకుని మీ ఫిర్యాదును ఒక్క వాక్యంలో రాయండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీద కావచ్చు, హాస్టల్ సాంబారు మీద కావచ్చు. ఒక్క వాక్యంలో పట్టకపోతే మీకు కావాల్సింది మతం కాదు, రెండు రోజుల సెలవు.

రెండో మెట్టు: దేవుణ్ణి తెచ్చుకోవడం

దేవుడు అందరికీ ముందే తెలిసినవాడై ఉండాలి, చెప్పగానే కళ్లకు కట్టాలి, కాస్త హాస్యాస్పదంగా ఉండాలి. పరిచయానికి పది నిమిషాలు పట్టే దేవుడు పనికిరాడు.

జెడై మతానికి ఆ సౌకర్యం ఉంది. 1977లో మొదలైన స్టార్ వార్స్ సినిమాలు చూడనివాళ్లకు కూడా అందులోని జెడై యోధుల వెలుగుకత్తులు, గోనెరంగు అంగీలు తెలుసు. డ్యూడిజం అని ఇంకోటుంది. 1998లో వచ్చిన ద బిగ్ లెబౌస్కీ సినిమాలో ఇంట్లో వేసుకునే గౌనులోనే పాల ప్యాకెట్ కొనడానికి వెళ్లే డ్యూడ్ అనే బద్ధకస్తుడు ఉంటాడు. ఆలివర్ బెంజమిన్ అనే అమెరికన్ థాయ్‌లాండ్‌లో ఉంటూ 2005లో ఆ పాత్ర పేరు మీద మతం పెట్టాడు. వాళ్ల బోధ మొత్తం మన రెండు ముక్కల్లో ఇమిడిపోతుంది: లైట్ తీస్కో. ఆన్‌లైన్‌లో ఫారం నింపితే పూజారి అయిపోవచ్చు. అంత బద్ధకపు మతంలో ఫారం మాత్రం ఎందుకో!

రూపం కాకుండా తర్కంతో నవ్వించే దేవుళ్లూ ఉన్నారు. 1990లో ఇంటర్నెట్ చర్చల్లో పుట్టిన కనిపించని గులాబీ రంగు ఒంటికొమ్ము గుర్రం అలాంటిదే. ఆమె కనిపించదని తర్కం వల్ల తెలుసట, కనపడటం లేదు కాబట్టి. గులాబీ రంగులో ఉంటుందని విశ్వాసం వల్ల తెలుసట. దీనికి అంత దూరం వెళ్లక్కర్లేదు. మన పండితులు లేనిదానికి ఉదాహరణగా ఎప్పటినుంచో కుందేటి కొమ్మును వాడుకుంటున్నారు. కావాలంటే మీరు తీసుకోండి, ఇంకా ఎవరూ దాని పేరు మీద మతం పెట్టినట్టు లేదు.

బతికున్న మనిషిని మాత్రం దేవుణ్ణి చేయకండి. 1998 అక్టోబర్ 30న అర్జెంటీనాలోని రోసారియోలో కొందరు అభిమానులు మారడోనా చర్చి పెట్టారు. ఆ రోజు ఆయన పుట్టినరోజు. ఆయన పుట్టిన 1960 నుంచే వాళ్ల శకం మొదలవుతుంది, క్రిస్మస్ ఆయన పుట్టినరోజుకు ముందు రాత్రి. 1986 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ మీద ఆ రెండు గోల్స్ కొట్టిన జూన్ 22 వాళ్లకు ఈస్టర్. పది ఆజ్ఞల్లో ఒకటి కొడుక్కి డియెగో అని పేరు పెట్టడం. ఇందులో నవ్వులాట ఎంత, భక్తి ఎంత అంటే వాళ్లే సరిగ్గా చెప్పలేరు. 2020లో ఆయన పోయినప్పుడు వాళ్లు ఏడ్చింది ఉత్తుత్తి ఏడుపు కాదు. అర్జెంటీనాలో అది చెల్లింది. రిలీజ్ రోజు కటౌట్‌కి పాలాభిషేకం చేసే మన దగ్గర హీరో పేరు మీద ఉత్తుత్తి మతం పెట్టారనుకోండి, మొదటివారం అభిమానులు చేరతారు, రెండోవారం అవతలి హీరో అభిమానులు వస్తారు, మూడోవారం మీరు ఊళ్లో ఉండరు.

ఇక నా తప్పు. భేతాళుడు కథలో పాత్రే కదా అనుకుని ప్రింటవుట్ తీసి డెస్క్ మీద అంటించాను. పక్క టీమ్‌లో ఒక గోవా అమ్మాయి ఉంది. రెండు రోజులు ఆ బొమ్మను చూసి, మూడో రోజు మెల్లగా అడిగింది, ‘మా ఊళ్లో బేతాళ్‌కి గుడి ఉంది, మీకెలా తెలుసు?’ అని. గోవాలోనూ కొంకణ తీరంలోనూ ఆయన నిజంగానే గ్రామదేవత! ఆమె కోపంగా ఏమీ అనలేదు. అదే ఇంకా ఇబ్బందయింది. ఆ సాయంత్రమే బొమ్మ తీసేశాం. అత్యవసర మహాసభ, అంటే నలుగురం, క్యాంటీన్‌లో కూర్చుని దేవుణ్ణి మార్చేశాం. శవం ప్రతిసారీ ఎక్కడికి వెళ్తుంది? చెట్టుకి. కాబట్టి చెట్టే దైవం. మతం పేరు చెట్టు మతం. పాంట్రీ కిటికీలో పాత హార్లిక్స్ సీసాలో ఉన్న మనీప్లాంటే మూలవిరాట్టు.

నేను నాలుగు రోజులు ఆలస్యంగా చేసిన పని మీరు ముందే చేయండి. దేవుడి పేరు తేల్చుకునే ముందు నాలుగు ప్రాంతాలవాళ్లను అడగండి. మన దేశంలో మీరు జోకు అనుకున్న ప్రతి పేరుకూ ఎక్కడో ఒకచోట జాతర జరుగుతూ ఉంటుంది.

మూడో మెట్టు: గ్రంథం

చిన్నదిగా ఉండాలి. ఒక పేజీ చాలు. నవ్వు విషయంలో కంటే గొంతులో ఎక్కువ ఉండాలి.

స్పగెటీ మతం వాళ్ల ఆజ్ఞలు ఎనిమిదే. మోజీ అనే సముద్రపు దొంగల నాయకుడికి దేవుడు పది పలకలు ఇచ్చాడట, కొండ దిగుతూ దారిలో రెండు పడేశాడట. తమ నీతినియమాలు కాస్త వదులుగా ఉండటానికి అదే కారణమని వాళ్లే ఒప్పుకుంటారు. పైగా అవి ‘చేయరాదు’ అని గద్దించే ఆజ్ఞలు కావు. ‘నువ్వు అలా చేయకుంటేనే నాకు బాగుంటుంది’ అన్న ధోరణిలో సాగుతాయి. అచ్చం మేనత్త ఫోన్లో మాట్లాడినట్టు, ‘నీ ఇష్టం నాయనా, నేనైతే ఆ పని చేయను’ అన్న గొంతు.

1960ల అమెరికాలో గ్రెగ్ హిల్, కెరీ థార్న్‌లీ అనే ఇద్దరు మిత్రులు గ్రీకుల కలహదేవత ఎరిస్ పేరు మీద పెట్టిన డిస్కార్డియనిజంలో నియమాలు ఐదు. ఐదోది నాకు ఎంతో ఇష్టం: చదివినదాన్ని నమ్మడం నిషిద్ధం. ఆ నియమాన్ని కూడా చదివే తెలుసుకోవాలి మరి! మీ గ్రంథంలోనూ ఇలా తన కాళ్ల కింద తానే గొయ్యి తవ్వుకునే వాక్యం ఒకటి ఉండాలి. అది ఉంటే ఎవరూ మిమ్మల్ని సీరియస్‌గా అనుసరించే ప్రమాదం ఉండదు.

భాష కోసం పాత పంచాంగం, పెళ్లి శుభలేఖ, ఆర్టీసీ బస్సులో సూచనలు, అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చదవండి. నిజమైన మంత్రాలకు, ప్రార్థనలకు పేరడీలు కట్టకండి. అది తేలిక కాబట్టి అందరూ చేస్తారు, గొడవలూ దానివల్లే వస్తాయి. మేం శుభలేఖ బాణీ ఎంచుకున్నాం. మా నియమాలు ఇలా ఉండేవి:

‘మీటింగునందు ప్రశ్న వినబడినంతనే సమాధానము తెలిసిన భక్తులు మూడు క్షణములు నీటి సీసా మూత తిప్పుచుండవలెను.’

‘సమాధానము చెప్పిన వారి భుజము మీదనే శవము.’

‘శుక్రవారము సాయంత్రము ఐదు దాటిన పిమ్మట వచ్చిన మెయిలు చెట్టునకు చెందును.’

‘పై నియమములు ఎవరికైనను అర్థమైనచో దయచేసి మాకు తెలుపగలరు.’

నాలుగో మెట్టు: పండుగ, వేషం, పూజాసామగ్రి

ఖర్చు సున్నా, అదీ సూత్రం. స్పగెటీ మతం వాళ్లు తలకు పెట్టుకునేది నూడుల్స్ వార్చే చిల్లుల గిన్నె. ప్రతి వంటింట్లో ఉంటుంది, తల మీద పెట్టగానే మనిషి మారిపోతాడు. ప్రార్థన చివర ఆమెన్ బదులు ‘రామెన్’ అంటారు, అది జపాన్ నూడుల్స్ పేరు. పండుగ కూడా కొత్తగా కనిపెట్టకుండా సెప్టెంబరు 19ని కలుపుకున్నారు. సముద్రపు దొంగల్లా మాట్లాడే రోజంటూ ఇద్దరు అమెరికన్ మిత్రులు అంతకుముందే మొదలుపెట్టిన తమాషా అది.

అన్నిటికంటే గడుసు పండుగ ఫెస్టివస్. 1997 డిసెంబరులో సైన్‌ఫెల్డ్ అనే అమెరికన్ టీవీ కామెడీలో కనిపించింది. నిజానికి ఆ రచయితల్లో ఒకరి ఇంట్లో తండ్రి 1960ల నుంచే జరుపుతున్న పండుగ. డిసెంబర్ 23న క్రిస్మస్ చెట్టు బదులు అలంకారం లేని అల్యూమినియం గొట్టం నిలబెడతారు. భోజనాల దగ్గర ఒక్కొక్కరూ ఆ ఏడాదంతా మిగతావాళ్లు తమను ఎలా విసిగించారో ఏకరువు పెడతారు. ఆ తర్వాత ఇంటి పెద్దతో కుస్తీ! సంక్రాంతికి కుటుంబాలన్నీ కలిసినప్పుడు మనం పండుగ పేరు పెట్టకుండా చేసే పనే ఇది, కుస్తీ ఒక్కటి మినహా.

మా పూజ ఇది. ఎన్నాళ్లుగానో ఎవరూ తెమల్చని పని ఏదైనా ఉంటే దాని నంబరు పసుపు రంగు స్టిక్కీ కాగితం మీద రాసి, తీగకు తలకిందులుగా వేలాడదీయడం. నెలాఖరు శుక్రవారం చాయ్ టైములో చెట్టు చుట్టూ నిలబడి ఒక నిమిషం మౌనం. అంతే. పక్క టీమ్‌వాళ్లు మొదట వింతగా చూశారు, తర్వాత తమ కాగితాలూ తెచ్చి తగిలించారు. మూడో నెలకు ఆకులకంటే కాగితాలే ఎక్కువ కనపడేవి. మేనేజర్ ఒకరోజు కాఫీ కప్పుతో వచ్చి, కాసేపు చూసి, ఏమీ అనకుండా సీసాలో కాసిన్ని నీళ్లు పోసి వెళ్లాడు. ఆయన భక్తుడో గూఢచారో ఇప్పటికీ తెలీదు.

ఆరో నెలలో ఒక సోమవారం పొద్దున వచ్చేసరికి చెట్టు మీద ఒక్క కాగితం లేదు. హౌస్‌కీపింగ్ అక్కని అడిగితే ‘నేనే తీసేసిన సార్. గిన్ని కాయితాలు అంటిస్తే చెట్టుకు గాలాడొద్దా?’ అంది. పదకొండు పెండింగ్ పనులు చెత్తబుట్టలోకి పోయాయి. ఎవరూ నంబర్లు రాసి పెట్టుకోలేదు. నెలాఖరు దాకా గుండె గుబగుబలాడుతూనే ఉంది. ఒక్కదాని గురించి కూడా ఎవరూ అడగలేదు! ఆ పదకొండింటికీ మోక్షం కలిగినట్టు సభ తీర్మానించింది. అక్కను పీఠాధిపతిగా ఉండమని వేడుకున్నాం. ‘జీతం ఎంత?’ అని అడిగి, లేదనేసరికి వద్దంది. మాలో కాస్త బుర్ర ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఐదో మెట్టు: సర్కారు గుర్తింపు

దీని అవసరం మీకు లేదు. కానీ ఈ మెట్టు దగ్గర జరిగిన తమాషాలు ఎక్కడా జరగలేదు కాబట్టి కాసేపు కూర్చోండి.

2001 జనాభా లెక్కలకు ముందు ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో ఒక ఈమెయిల్ తిరిగింది. తగినంతమంది మతం గడిలో జెడై అని రాస్తే సర్కారు దాన్ని మతంగా గుర్తించాల్సిందే అని. అది శుద్ధ అబద్ధం. అయినా ఇంగ్లండ్, వేల్స్‌లలో 3,90,127 మంది రాశారు. ఆస్ట్రేలియాలో 70 వేల పైన, న్యూజిలాండ్‌లో 53 వేల పైన. బ్రిటన్ గణాంక శాఖ తలపట్టుకుని దానికో కోడ్ నంబరు ఇచ్చింది, చివరికి వాళ్లందరినీ ‘ఏ మతమూ లేదు’ ఖాతాలో కలిపేసింది. 2011కి ఆ సంఖ్య 1,76,632కి దిగింది. 2021లో రెండు వేలు కూడా లేరు. జోకు ఒకసారే పేలుతుంది. ఆస్ట్రేలియాలో ఆఖరికి నాస్తిక సంఘాలే ‘బాబూ, జెడై అని రాయకండి, మతం లేదనే గడిలో టిక్కు పెట్టండి, మన లెక్క తగ్గిపోతోంది’ అని ప్రచారం చేశాయి.

ఆస్ట్రియాలో నికో ఆల్మ్ అనే ఆయన డ్రైవింగ్ లైసెన్స్ ఫొటో చిల్లుల గిన్నె పెట్టుకుని దిగాడు. మతపరమైన తలపాగాకు అనుమతి ఉందిగా, ఇదే నా తలపాగా అన్నాడు. బండి నడపడానికి మానసికంగా తగినవాడేనని డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు, తెచ్చాడు. మూడేళ్లు తిరిగితే 2011లో లైసెన్స్ చేతికొచ్చింది. మతానికి గుర్తింపు వచ్చిందని లోకమంతా రాసింది. అధికారులు మాత్రం ముఖం పూర్తిగా కనపడుతోంది కాబట్టి ఇచ్చాం, అంతే అన్నారు. అక్కడే అసలు కిటుకు ఉంది. మీ కాగితం పాసైతే మీ దేవుడు పాసైనట్టు కాదు.

నెదర్లాండ్స్‌లో ఇలాంటి కేసే 2018లో అత్యున్నత పాలనా న్యాయస్థానం దాకా వెళ్లి ఓడింది. 2021లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా తలుపు తీయలేదు. అమెరికాలో నెబ్రాస్కా జైల్లోని ఒక ఖైదీ స్పగెటీ మతానికి తగిన సౌకర్యాలు కావాలని కేసు వేస్తే, 2016లో జడ్జి ఆ గ్రంథాలన్నీ ఓపిగ్గా చదివి ఇది మతం కాదు, పేరడీ అని తేల్చాడు. కోర్టులు చూసేది ప్రధానంగా ఒకటే. ఈ నమ్మకంలో గంభీరత ఉందా, మనిషి దీని ప్రకారం నిజంగా బతుకుతున్నాడా, లేక ఒక వాదం గెలవడానికి వాడుకుంటున్నాడా అని. అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ ఛారిటీ కమిషన్ కూడా జెడై సంస్థకు గుర్తింపు ఇవ్వనంది.

గెలిచినవాళ్లూ ఉన్నారు. న్యూజిలాండ్ స్పగెటీ చర్చికి పెళ్లిళ్లు జరిపే హక్కు ఇచ్చింది. 2016 ఏప్రిల్‌లో అకరోవాలో మొదటి పెళ్లి జరిగింది, చట్టప్రకారం చెల్లే పెళ్లే. స్వీడన్‌లో కాపీ చేయడమే పుణ్యం అనే కోపిమిజం మూడో ప్రయత్నంలో రిజిస్టర్ అయింది, 2012 మొదట్లో ఆ వార్త బయటికొచ్చింది. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ వాళ్ల పవిత్ర చిహ్నాలు. నన్నడిగితే మా సాఫ్ట్‌వేర్ వాళ్లలో సగంమంది తెలియకుండానే అందులో ఉన్నారు.

మన దగ్గరికొస్తే, జనాభా లెక్కల్లో ఈ సరదా వద్దు. మతం చెప్పనివాళ్లకు మన లెక్కల్లో చోటుంది, 2011లో అలా దాదాపు 29 లక్షల మంది తేలారు. తెలిసినంతవరకు నిజం చెప్పడం మన సెన్సస్ చట్టం ప్రకారం బాధ్యత. అదీగాక ఎండలో నాలుగంతస్తులు ఎక్కొచ్చిన టీచరమ్మతో ‘మాది చెట్టు మతం, స్పెల్లింగ్ రాసుకోండి’ అంటే అది హాస్యం కాదు. మంచినీళ్లిచ్చి సరైన జవాబు చెప్పండి.

ఆరో మెట్టు: గీత ఎక్కడ గీయాలి

భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ గురించి తెలుసుకోండి. పాత శిక్షాస్మృతిలో 295-ఏ అనేవారు. ఒక వర్గం మతభావాలను దురుద్దేశంతో, కావాలని గాయపరిస్తే మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అది లేకపోయినా నా సలహా అదే. మీ ఉత్తుత్తి మతం మీ మీద మీరు వేసుకునే జోకుగానో, నెత్తినెక్కిన రూలు మీద జోకుగానో ఉండాలి. పక్కింటావిడ శుక్రవారం పూజ మీద కాదు. హెండర్సన్ ఉత్తరం ఏ భక్తుడికీ రాయలేదు, బోర్డుకు రాశాడు.

కులం ఊసు వద్దు. స్క్రీన్‌షాట్ తీస్తే మీ ఇంట్లోవాళ్లకు చూపించగలరా అని చూసుకుని గ్రూపులో రాయండి. డబ్బులు ముట్టుకోవద్దు. 1979లో డల్లాస్‌లో కరపత్రంతో మొదలైన చర్చ్ ఆఫ్ ద సబ్‌జీనియస్ వాళ్లు చందాలు తీసుకుంటూనే ‘మోక్షం రాకపోతే మూడింతలు వాపస్’ అని హామీ ఇచ్చేవారు. అది జోకుగా చెల్లింది అక్కడ. చిట్‌ఫండ్‌లు చూసిన మన జనానికి ఆ మాట వింటేనే టెన్షన్.

ఏడో మెట్టు: జోస్యం తప్పితే, ఊరు మారితే

ఆ సబ్‌జీనియస్ వాళ్లే ఇంకో గొప్ప పాఠం నేర్పారు. 1998 జూలై 5 పొద్దున ఏడింటికి గ్రహాంతరవాసులు ఎగిరే పళ్లేలమీద వచ్చి చందా కట్టినవాళ్లను ఎక్కించుకుపోతారని ఏళ్ల తరబడి చెప్పారు. ఆ రోజు గుడారాలు వేసుకుని ఎదురుచూశారు. ఏడు దాటింది. ఎవరూ రాలేదు. తేదీ రాసిన కాగితాన్ని తలకిందులుగా పట్టుకున్నామేమో, అది 8661వ సంవత్సరమేమో అన్నారు! తర్వాత కూడా ఏటా అదే తేదీకి కలుసుకుని, ఎదురుచూసి, ఎవరూ రాకపోతే పార్టీ చేసుకోవడం మొదలుపెట్టారు. మీరు కూడా జోస్యం చెప్పదలిస్తే తలకిందులు చేయగల తేదీని చూసుకోండి. నేను అప్రైజల్ గురించి జోస్యం చెప్పి తప్పాను, ఆ కాగితాన్ని ఎటు తిప్పినా నాలుగు శాతమే కనపడింది.

పద్నాలుగో నెలలో కంపెనీ మారాను. మిగతా ముగ్గురూ మెల్లగా తలోదిక్కూ వెళ్లారు. మతం మూతపడిందని ఎవరూ ప్రకటించలేదు. ఆఖరి రోజు లాప్‌టాప్ అప్పగించి వస్తూ పాంట్రీలోకి వెళ్తే అక్క అక్కడే కిటికీ తుడుస్తోంది. అడక్కుండానే ఒక తీగ తుంచి ఖాళీ నీళ్ల సీసాలో పెట్టి ఇచ్చింది. ‘కింద ఆకు ముంచకు సార్, కుళ్లుతది. గణుపు ఒక్కటి నీళ్లల్ల ఉంటే చాలు’ అంది.

కాబట్టి మీ చెట్టును ఇంకో ఊరికి తీసుకెళ్లాలంటే గణుపుకు అంగుళం కింద కోయండి. అడుగు ఆకులు తీసేయండి. నేరుగా ఎండ తగలని కిటికీలో పెట్టి వారానికోసారి నీళ్లు మార్చండి. రెండు మూడు వారాల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. నాది కొత్త ఆఫీసు డెస్క్ మీద ఉంది, మొన్ననే మొదటి పసుపు కాగితం ఎవరో అంటించి వెళ్లారు. నేను కాదు.